మా ఆవిడ రెండే రెండుసార్లు అడిగింది

మా దీవిలో మా ఆవిడ తబీరియాను అందరూ లెక్కలమ్మ అంటారు. అయిదేళ్ళకోసారి సర్కారు జనాన్ని లెక్కపెట్టిస్తుంది కదా, మా నికుతోరులో ఆ పని ఆవిడదే. రెండు ఊళ్ళు, రెండువందల అరవై ఇళ్ళు. ఆ ఇళ్ళన్నీ ఇప్పటికి అయిదుసార్లు తిరిగింది. మొదటి లెక్కలో పాలు తాగే పిల్లలని రాసినవాళ్ళు నాలుగో లెక్కకి చెట్టెక్కి కల్లు గీస్తున్నారు. ఇప్పుడు చెప్పబోయేది అయిదో లెక్క సంగతి.

నా పేరు బిరీబో. ఇరవై రెండేళ్ళు పరదేశపు సరుకు ఓడల మీద కళాసీగా తిరిగి వచ్చాను. ఇప్పుడు మడుగు ఒడ్డున పడక్కుర్చీలో కూర్చుని, చేపలు పడుతున్నానని నలుగురికీ చెప్పుకుంటూ బతుకుతున్నాను. మా ఆవిడ గురించి చెప్పమంటే కాస్త వెటకారంగానే చెబుతాను. ముప్ఫై నాలుగేళ్ళు కాపురం చేసినవాడికి ఆ మాత్రం హక్కుంటుంది.

మా కిరిబాస్ దేశంలో నేల చారెడు, నీళ్ళు కొలవలేనన్ని. ముప్ఫై మూడు దీవులూ ఏరి ఒకచోట పోస్తే పెద్ద దేశంలో ఒక తాలూకా కూడా నిండదు. ఆ నీళ్ళలో తిరిగే చేపల కోసం పరాయి దేశాల ఓడలు మా సర్కారుకు డాలర్లు కడతాయి. ఆ డాలర్లతో సర్కారు మా దగ్గర ఎండుకొబ్బరి కొంటుంది. ఆ కొబ్బరి డబ్బుతో మేము కొట్టుకి పోయి, అవే చేపల్ని పరాయివాళ్ళు డబ్బాల్లో పెట్టి పంపితే కొనుక్కుని తింటాం. మా ఆర్థిక వ్యవస్థ ఇంతే. దీన్ని నేర్చుకోడానికి మా రాజధాని తరావాలో కుర్రాళ్ళు మూడేళ్ళు చదువుతారట.

ఇక ప్రభుత్వం. ఊరి మధ్య మొగలాకు కప్పు కింద ముసలాళ్ళు కూర్చునే చావడిని మేము మనేబా అంటాం. తరావాలో ఉన్న పార్లమెంటుని కూడా మనేబా అనే అంటాం. దేశాధ్యక్షుడు మా ఊరొచ్చినా చాప మీదే కూర్చోవాలి. చావడిలో ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క చోటు ఉంటుంది. తాత కూర్చున్న చోట తండ్రి, తండ్రి కూర్చున్న చోట కొడుకు. పొరపాటున పక్కవాడి చోటులో కూర్చుంటే ముసలాళ్ళు ఏమీ అనరు, చూస్తారంతే. ఆ చూపు కన్నా నాలుగు దెబ్బలు నయం.

వీటన్నిటికన్నా పెద్ద చట్టం ఇంకొకటుంది. దాని పేరు బుబుసి. చుట్టం ఇంటికొచ్చి, ఫలానాది కావాలి, బుబుసి, అని నోరు తెరిచి అడిగితే కాదనకూడదు. కాదన్నవాడి పేరు మూడు తరాలు చెప్పుకుంటారు. దీవిలో చుట్టం కానివాడంటూ ఎవడూ ఉండడు కాబట్టి, ఎవడి వస్తువూ ఎవడి దగ్గరా ఎక్కువ కాలం ఉండదు. నేను ఆఖరిసారి ఓడ దిగినప్పుడు టేప్ రికార్డరు, తోలు బూట్లు, రెండు గడియారాలు, ఒక ఉన్ని కంబళి తెచ్చాను. మా దీవిలో ఉన్ని కంబళి ఎవరికి కావాలి, కానీ దాన్నీ అడిగారు. పదో రోజుకి ఒంటి మీద చొక్కా, లుంగీ, ఆ పడక్కుర్చీ మాత్రం మిగిలాయి.

కుర్చీ మిగలడానికి ఒక కారణముంది. దాని ముందు కాలుకి ఒక బోల్టు ఉంటుంది. దూరంగా ఎవరైనా చుట్టం వస్తున్నట్టు కనబడగానే బోల్టు ఊడదీసి జేబులో వేసుకునేవాణ్ణి. కుర్చీ ఒక పక్కకి ఒరిగిపోయేది. విరిగిన కుర్చీని ఎవరడుగుతారు? ఈ రహస్యం మా ఆవిడక్కూడా తెలీదని ఆరేళ్ళుగా నా నమ్మకం.

తబీరియా నాలా కాదు. అడిగినవాళ్ళకి అడిగినట్టే ఇచ్చేసేది. కుట్టుమిషను వాళ్ళ పిన్నికి పోయింది. సైకిలు వాళ్ళ తమ్ముడు కౌతుకి పోయింది. కౌతు అంటే మా దీవిలో అడగడానికి పెట్టింది పేరు. వాడు గుమ్మంలోకొస్తే పిల్లి కూడా అటక ఎక్కుతుంది. ఇవ్వడంలో అంత ధారాళమైన తబీరియా, తను మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడగలేదు. ఉప్పు నిండుకుంటే సముద్రపు నీళ్ళతో కూర వండింది గాని పక్కింటికి పోలేదు. నన్ను కూడా ఏమీ అడగలేదు. కారణం వాళ్ళ నాన్న. ఆయన అడగని ఇల్లు లేదు. అడగడానికి తను పోకుండా ఎనిమిదేళ్ళ కూతుర్ని పంపేవాడు. గుమ్మం గుమ్మం ఎక్కి 'నాన్న బుబుసి అంటున్నాడు' అని చెప్పీ చెప్పీ ఆ పిల్లకి అడగడమంటేనే అసహ్యం పుట్టింది. దీవిలో అందరికీ ఆవిడంటే గౌరవమే. కాకపోతే, ఎప్పుడూ అడగని మనిషి దగ్గర కూర్చోవాలంటే ఎవరికైనా కాస్త ఇబ్బందే.

అయిదో లెక్క దగ్గరికొచ్చేసరికి మా దీవికి ఒక చిక్కు వచ్చిపడింది. పార్లమెంటులో మాకు రెండు సీట్లున్నాయి, ఊరికొకటి చొప్పున. జనం పదిహేను వందలకన్నా తగ్గితే ఒక సీటు పోతుందని కబురొచ్చింది. మా మీద మాకున్న అంచనా ఏమిటంటే పద్నాలుగు వందల యాభై. కుర్రాళ్ళు పళ్ళు కోయడానికి పరాయి దేశాలకు పోయారు, కళాసీలు ఓడల మీద ఉన్నారు, మిగతావాళ్ళు తరావాలో ఒకళ్ళ మోకాళ్ళు ఒకళ్ళకి తగిలేలా ఇరుక్కుని బతుకుతున్నారు. ముసలాళ్ళలో పెద్దాయన తొకానికై తాత మాటల్లో చెప్పాలంటే, "ఒక్క నోటితో తినగలం గానీ పోట్లాడలేం."

లెక్క ఎలా రాయాలో నేర్పడానికి తరావా నుంచి ఎరేతా అనే అమ్మాయి వచ్చింది. తబీరియా చేతికి ఒక టాబ్లెట్ ఇచ్చి, బైబిలు మీద ప్రమాణం చేయించింది. నియమం ఒక్కటే. ఫలానా శనివారం రాత్రి ఈ నేల మీద ఎవరు పడుకుంటే వాళ్ళు ఈ దీవి మనుషులు. పడుకోనివాళ్ళు కారు.

ఆ మర్నాటి నుంచే మొదలయ్యారు. ముందొచ్చింది కౌతు. వాడి ముగ్గురు కొడుకులూ పళ్ళ తోటల్లో ఉన్నారు.

"అక్కా, బుబుసి. మా ముగ్గురు మగపిల్లల్నీ రాసెయ్. వాళ్ళ చాపలు ఇంట్లోనే చుట్టిపెట్టి ఉన్నాయిగా."

వాడి వెనక వాళ్ళ పిన్ని వచ్చింది. తరావాలో ఉన్న కూతుర్నీ నలుగురు మనవల్నీ రాయమంది. ఇంకొకామె కోడలి కడుపులో ఉన్నవాణ్ణి రాయమంది, డాక్టరు కవలలు అన్నాడని ఇద్దర్ని రాయమంది. అందర్లోకీ గట్టిది తెరూబా ముసలమ్మ. ఆరేళ్ళ కిందట పోయిన మొగుణ్ణి రాయమంది. పోయినవాణ్ణి ఎలా రాస్తారని నేనడిగితే నా వంక జాలిగా చూసింది.

"సమాధి పెరట్లోనే ఉంది గదరా. ఆ రాత్రి ఎక్కడికి పోతాడు? అసలు బతికున్నప్పుడే కదా ఇంటిపట్టున ఉండనిది."

ఎవరికీ తబీరియా అవుననలేదు, కాదనలేదు. అందరికీ నీరా ఇచ్చి పంపించింది. వారం తిరిగేసరికి నలభై ఒక్కమంది అడిగారు. ఆవిడకి తిండి సయించడం మానేసింది. వండిన సీమపనస వండినట్టే ఉండేది. రాస్తే బైబిలు మీద పెట్టిన చెయ్యి అబద్ధమవుతుంది. రాయకపోతే ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక బుబుసిని కాదన్నట్టవుతుంది, అదీ ఒకటి కాదు, నలభై ఒకటి. ముందు నుయ్యి వెనక గొయ్యి. నాకు ఆవిణ్ణి చూస్తే బాధేసింది. బాధేస్తే నేను తప్పుడు సలహాలిస్తాను. రాసిపారెయ్యి, తరావా వాళ్ళొచ్చి చాపలు విప్పి చూస్తారా అన్నాను.

"అయిదేళ్ళకోసారి దేశం నా మాట నమ్ముతుందయ్యా. నాకున్న పేరల్లా అదొక్కటే," అంది. 

ముసలాళ్ళు చావడిలో కూడిన రోజున తబీరియా స్నానం చేసి, తలకి పూలదండ చుట్టుకుని బయల్దేరింది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. నేను వెనకే పోయాను. మా చావడిలో ఆడవాళ్ళు వెనక వరసలో కూర్చుని, ముందున్న మగవాళ్ళ వీపులకి మాటలందిస్తారు. అవి ముందువాళ్ళ నోట్లోంచి వాళ్ళ సొంత తెలివిలాగా బయటికొస్తాయి. తబీరియా అక్కడ ఆగలేదు. నడుం వంచుకుని అందరి ముందు నుంచీ నడిచిపోయి, వాళ్ళ నాన్న చోటులో కూర్చుంది. ఆయన పోయిన పదకొండేళ్ళలో ఆ ముందు చాప మీద ఎవరూ కూర్చోలేదు. కౌతుకి ఆ హక్కున్నా, తండ్రి చోటులో కూర్చుంటే తండ్రి మీద జోకులు వినాల్సొస్తుందని వాడు వెనక నక్కేవాడు.

అందరూ ఆవిడ వంక తిరిగారు. కొందరు నోట్లో చుట్టలు తీసి పక్కన పెట్టారు.

"నాకొక బుబుసి ఉంది. ఈ చావడిలో ఉన్న అందర్నీ అడుగుతున్నా," అంది తబీరియా.

తొకానికై తాత విసనకర్ర కింద పెట్టాడు. "అడుగమ్మా. మీ నాన్న అడగని రోజు లేదు, నువ్వడిగిన రోజు లేదు. ఇద్దరిదీ కలిపి ఇవాళ సరిచేసుకుందాం."

"ఊళ్ళో లేనివాళ్ళని రాయమని నలభై ఒక్కమంది నన్నడిగారు. కాదనే దిక్కు నాకు లేదు. అందుకని ఆ అడిగినవన్నీ నాకిచ్చేయండి. మీ బుబుసిలే నాకు కావాలి."

నేను ప్రపంచంలో పదహారు రేవులు చూశాను. ఇలాంటి బేరం ఎక్కడా చూడలేదు. బుబుసిని కాదనకూడదన్నది చట్టమైతే, బుబుసినే ఇచ్చేయమని అడిగితే ఇచ్చి తీరాలి గదా. చావడి మొత్తం లోపల్లోపల లెక్కేసుకుంటున్నట్టు కళ్ళు పైకి పెట్టి ఆలోచించింది. ముందు తాత నవ్వాడు. పళ్ళు లేని నోరు కదా, నవ్వు ఆగడానికి అడ్డమేమీ లేదు. తర్వాత ఒక్కొక్క చోటు నుంచీ వరసగా 'ఇచ్చాం' 'ఇచ్చాం' అని వినబడసాగింది. తెరూబా ముసలమ్మ కాసేపు గొణిగి, సరే, ఆయన్ని నువ్వే ఉంచుకో అంది. కౌతు అందరికన్నా ఆఖర్న తల గోక్కుంటూ లేచి, తల ఎత్తకుండా, ఇచ్చానక్కా అన్నాడు.

అన్నీ చేతికొచ్చాక తబీరియా ఏడ్చింది. నా మాట నిలబెట్టుకోడానికి మీ సీటు తీసేశాను అంది. అది నిజమే కాబట్టి ఎవరూ కాదని ఓదార్చలేకపోయారు.

తాత మాత్రం ఆ నియమం ఇంకోసారి చెప్పమన్నాడు. ఆవిడ చెప్పింది. ఆ రాత్రి ఈ నేల మీద పడుకున్నవాళ్ళు. ఆయన వెల్లకిలా వాలి చావడి కప్పు వంక చూశాడు. మొగలాకు చివికి అక్కడక్కడా ఆకాశం కనబడుతోంది.

"ఈ కప్పు మార్చి ఎన్నేళ్ళయిందిరా?" అన్నాడు.

అంతే, ఆయన ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. మా చావడి కప్పులో ఏ వంశం చోటు మీది భాగం ఆ వంశమే నెయ్యాలి. ఎక్కడున్నా సరే రావాలి, తమ వాటా తాటాకుల్లాగా కుట్టిన మొగలాకు పెట్టాలి. రానివాళ్ళ వాటా ఖాళీగా వదిలేస్తారు. వాన ఆ వంశం నెత్తినే కారుతుంది, పదేళ్ళూ అందరూ చూస్తూ నవ్వుతారు. నిజానికి కప్పు మార్చాల్సింది వచ్చే ఏడు. ముసలాళ్ళు దాన్ని ఈ ఏడుకి జరిపి, సరిగ్గా ఆ శనివారం పెట్టారు. తరావాకి రేడియోలో కబురు చెప్పించారు. ఎరేతా తన నియమాల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, చావడి కప్పు నేసుకోకూడదని ఎక్కడా లేదంది. ఆ అమ్మాయి తల్లిది మా దీవేనని అప్పుడు బయటపడింది.

మర్నాడు పొద్దున్నే కౌతు సైకిలు తోలుకుంటూ వచ్చి మా ఇంటి ముందు పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఎవరూ అడక్కుండా వాడు ఒక వస్తువు ఇవ్వడం చరిత్రలో అదే మొదలు.

శుక్రవారం ఓడ వచ్చింది. ఓడ కనబడలేదు, దాని మీద మనుషులే కనబడ్డారు. పందుల్ని, బియ్యం బస్తాల్ని, పిల్లల్ని, కట్టలు కట్టిన మొగలాకుని, ఒక తాతయ్యని పడవల్లోకి దించారు. మా మర్యాద ప్రకారం ఆడవాళ్ళు ఒడ్డునే నిలబడి దిగినవాళ్ళకి దిగినట్టే మెడ నిండా పౌడరు జల్లి సెంటు కొట్టారు. చుట్టుపక్కల గాలంతా పెళ్ళివారి గదిలాగా ఘుమఘుమలాడింది. పళ్ళతోటల నుంచి కౌతు కొడుకుల్లో ఒకడు నిజంగానే వచ్చాడు. వాడి చాప విప్పితే లోపల పీత కాపురం పెట్టి ఉంది.

శనివారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కప్పు నేశారు. ఎవరి భాగం వాళ్ళు వేస్తూ పక్కవాళ్ళ పనితనం మీద వెక్కిరింతలు. అవతలి ఊళ్ళోనూ ఆ రోజే కప్పు నేస్తున్నారు, వాళ్ళ కప్పు కన్నా మాది నున్నగా ఉందని మావాళ్ళు పాట కట్టారు, వాళ్ళు అంతకన్నా ఘాటైన పాట తిప్పికొట్టారు. తబీరియా వాళ్ళ నాన్న చోటు మీద ఇరవైమంది ఎక్కారు. ఆ ముసలాయన చేత అడిగించుకున్న ఇళ్ళవాళ్ళే వాళ్ళలో సగం. చామదుంప, పంది మాంసం, ఎండుచేప, కొబ్బరిపాలు, తిన్నవాడు తిన్నచోటే వాలాడు. నా జన్మలో అంతమంది ఆ నేల మీద పడుకోగా చూడలేదు.

ఆదివారం ప్రార్థన అవగానే మా ఆవిడ టాబ్లెట్ పట్టుకుని సైకిలెక్కింది. ఓడ సోమవారం మధ్యాహ్నం పోతుంది, ఈలోగా అందర్నీ రాయాలి. పేరు, వయసు, చదువు, పని, ఇంట్లో పందులెన్ని, వలలెన్ని. నేను రాత్రంతా వెనక నీళ్ళ సీసా, లాంతరు పట్టుకుని నడిచాను. సోమవారం పొద్దునకి ఇళ్ళు అయిపోయాయి, ఒడ్డున పడవ కోసం కూర్చున్న ఓడ సిబ్బంది మిగిలారు. పదకొండుమంది. అందులో ఒకడు ఆవిడ సొంత మేనల్లుడు. శనివారం ఎక్కడ పడుకున్నారని అడిగింది. కాపలా కోసం ఓడలోనే పడుకున్నాం అత్తా అన్నాడు వాడు, అబద్ధమాడటం తెలీని వెధవ. ఆవిడ టాబ్లెట్ మూసేసింది. ఓడ నేల కాదు, మిమ్మల్ని రాయను అంది.  మొత్తం ఎంతయిందని అడిగాను.

"పదిహేను వందల మూడు," అంది మామూలుగా.

నేను ఆ ఇసకలోనే కూలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు గానీ, తల్లో వాడిపోయిన దండ తీసి నా తలకి పెట్టింది. తొకానికై తాతకి ఈ సంగతి నేనే పరుగెత్తుకెళ్ళి చెప్పాను. ఆయన కొత్త కప్పు కింద వెల్లకిలా పడుకుని, ముగ్గురు ఎక్కువున్నారన్నమాట, తిండి దండగ అన్నాడు.

ఓడ వెళ్ళిపోయింది. ఒడ్డున అందరూ చెయ్యి ఊపీ ఊపీ ఇళ్ళకి పోయారు. నేను వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి తబీరియా వచ్చి ఎదురుగా నిలబడింది. కాళ్ళు వాచి ఉన్నాయి. మోకాళ్ళదాకా ఇసక.

"ఏమయ్యా, బుబుసి," అంది.

నేను చెవులు నమ్మలేదు. ముప్ఫై నాలుగేళ్ళలో నన్నడిగిన మొదటి మాట అది.

"ఆ కుర్చీ నాకియ్యి."

అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి దానంతటదే బోల్టు ఊడదీసి జేబులో వేసింది. దీని కాలు విరిగిందే అన్నాను.

"జేబులో బోల్టు కూడా ఇయ్యి," అంది. "ఆరేళ్ళుగా చూస్తున్నా."

మోకాళ్ళ మీద కూర్చుని బోల్టు బిగించి ఇచ్చాను. ఆవిడ కూర్చుని, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుంది. చాప మీద తప్ప ఇంకెక్కడా ఆవిడ కూర్చోగా నేను చూడలేదు. కుర్చీ పోయినందుకు నాకు ఇసుమంత విచారం కూడా కలగలేదు. పెళ్ళినాటి కన్నా సంతోషమేసింది. నేను కింద చాప పరుచుకుని ఆవిడ కాళ్ళ ఇసక దులిపాను.

అప్పుడే కౌతు వచ్చాడు. బోల్టు తియ్యడానికి ఇప్పుడు వీల్లేదు, కుర్చీ నాలుగు కాళ్ళ మీదా నిటారుగా ఉంది. వాడి కళ్ళు వెలిగాయి.

"బావా, ఇది బాగుపడిందే. ఎవరిదిప్పుడు?" అన్నాడు మెల్లగా.

మీ అక్కది అన్నాను. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ కాదనదు, వాడు అడక్కుండా ఉండడు.

కౌతు నోరు తెరిచాడు. నిద్రపోతున్న అక్క మొహం వంక చూశాడు. తెరిచిన నోరు అలాగే కాసేపు ఉంచి, తర్వాత మూసుకుని, వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నాడు.